వారాల కూడు, మూడు యోగాలు

కర్నూలుకు రాజధాని వచ్చిన కొత్తల్లో గుడారాలతో పాటు యోగాసనాలు కూడా ఊళ్ళో దిగాయి. గుడారాల్లో ఆఫీసులు పెట్టారు. యోగాసనాలను పెద్దమనుషులు తలా ఒకటి పంచుకున్నారు. మంత్రులు తెల్లవారకముందే లేచి ఏవో ఆసనాలు వేస్తారని ఎవరో అన్నారట. అంతే, అంతవరకు పొద్దెక్కేదాకా మంచం దిగని వాళ్ళు కూడా చాపలు కొనుక్కున్నారు. ఉదయంపూట తుంగభద్ర ఒడ్డుకు పోతే ఇసుకలో ఎవరో ఒకరు ముక్కు పట్టుకుని కూర్చుని ఉండేవారు. నీళ్ళు తక్కువైన రోజులు కాబట్టి ఇసుకకు మాత్రం కొదవ లేదు.

నేను అప్పుడు ఆ ఊళ్ళో ఇంటర్మీడియట్ మొదటి ఏడాది చదువుతున్నాను. మాది ఆలూరు పక్క పల్లె. మెట్ట సేద్యం. వాన వస్తే జొన్న, కొర్ర. రాకపోతే ఆకాశంకేసి చూడటం. వరసగా కరువులొచ్చి, గంజి కేంద్రాల దగ్గర మా ఊరివాళ్ళు తపేలాలు పట్టుకుని నిలబడిన రోజులు చూసినవాణ్ణి. మా నాయనకు నన్ను చదివించాలని ఆశ. నాకు అంతకంటే ఆశ. కాలేజీలో ఫీజు మాఫీ చేశారు. పడుకోవడానికి ఒక అంగడి మిద్దె మీద రేకుల గది దొరికింది. తిండి ఒక్కటే మిగిలింది.

వారాలు చేసుకోవడం అని ఒక ఆచారం ఉండేది. బీద విద్యార్థి రోజుకొక ఇంట్లో భోంచేసి చదువుకోవడం. అది బ్రాహ్మణ పిల్లల్లో ఉన్న అలవాటు, మా సేద్యగాళ్ళలో లేదు. కరువు వచ్చాక మాకూ వచ్చింది. మావాళ్ళు ముగ్గురు పల్లెలు వదిలి కర్నూల్లో స్థిరపడి బాగా బతుకుతున్నారు. ఒకాయన నాకు పెదనాయన వరస, శెనక్కాయల మిల్లు ఉంది. ఒకాయన మామ వరస, వకీలు. మూడో ఆయన చిన్నాయన వరస, రాజకీయాల్లో తిరుగుతుంటాడు. ఒక పెళ్ళిలో పదిమంది వినేటట్టు ముగ్గురూ మా నాయన మీద పడ్డారు. "మేముండంగ పిల్లోడు యాడనో తినేదేందప్పా? మా ఇండ్లల్లో తింటాడు పో," అని తలా రెండు రోజులు పంచుకున్నారు. ఆదివారం ఎవరికీ గుర్తు రాలేదు. ఆ రోజు నాకు బొరుగులు.

మా నాయన ఒకరి ముందు చెయ్యి చాచే మనిషి కాదు. వాళ్ళంతట వాళ్ళే అన్నారు కాబట్టి సరేనన్నాడు. నన్ను బస్సెక్కిస్తూ మాత్రం ఒక మాట చెప్పాడు.

"కడుపు కాల్చుకొని సదవాల్సిన పని ల్యా. ఆకలి అని ఒక్క మాట అను, వచ్చి తోలకపోతా. మడక పట్టుకుందువుగానీ."

అంటే నేను ఆకలి అన్న రోజు నా చదువు అయిపోయి, నాగలి చేతికొచ్చినట్టే. ఆ మాట నోట్లోంచి రానియ్యకూడదని ఆ బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను.

వారాలు మొదలైన నెలకే ముగ్గురికీ యోగం పట్టింది. ముగ్గురికీ ఒకటే పట్టి ఉంటే నాకు ఈ కథ ఉండేది కాదు.

పెదనాయనది శీర్షాసనం. ఆ బొజ్జతో ఆయన తలకిందులు కావడం చూడదగ్గ పని. మిల్లు హమాలీలు ఇద్దరు వచ్చి, మూట ఎత్తినట్టు కాళ్ళు పట్టి లేపి, గోడకు ఆనించి పోయేవాళ్ళు. దళారులు వస్తే అట్లాగే మాట్లాడేవాడు. పెద్దమనిషి తలకిందులుగా ఉండగా తాము నిటారుగా నిలబడటం మర్యాద కాదని వాళ్ళు కూడా నడుములు వంచి, మెడలు తిప్పి బేరం ఆడేవాళ్ళు. తలకిందులుగా ఉన్నప్పుడు ఒప్పుకున్న ధరను ఆయన కాళ్ళ మీద నిలబడ్డాక ఒప్పుకునేవాడు కాదు. రక్తపోటు తగ్గిందో లేదో తెలియదుగానీ, ఆ పద్ధతి ఆయన వ్యాపారానికి బాగా పనికొచ్చింది.

"నువ్వు గూడా నిలబడప్పా. నెత్తురంతా మెదడుకు దిగుతాది. పరీచ్చల్లో కొట్టుకుంటా పోతావు," అన్నాడు నాతో.

నిలబడ్డాను. ఖాళీ కడుపుతోనే వెయ్యాలన్నాడు. ఆ షరతు నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. వచ్చిన చిక్కల్లా తరువాతే. ఆసనం వేసిన వెంటనే తింటే విషమట, నెత్తురు కడుపులోకి తిరిగొచ్చేదాకా ఆగాలట. నా నెత్తురు తాపీగా దిగివచ్చేలోపల కాలేజీ గంట కొట్టేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఆ ముగ్గురిళ్ళలోకీ పెదనాయన ఇంటి తిండే మేలు. రాగిసంగటి, ఊరుబిండి, పైన ఇంత నెయ్యి. పెద్దమ్మ జాలిగా ముద్ద చేసి పెట్టేది. నేను చెయ్యి కడుక్కోబోతే పడసాలలోంచి ఆయన గొంతు వినిపించేది. "ఇంగా రొంతసేపు తాళు!" సగం ముద్ద మింగి, సగం పళ్ళెంలో వదిలి పరిగెత్తేవాణ్ణి.

వకీలు మామది ధ్యానం. ఆయన జింకచర్మం మీద కూర్చుని, ప్రాణాన్ని పైకి తీసి, కనుబొమల మధ్య నిలిపేవాడు. ఎదురుగా ఒక చాప మీద నేను. కాసేపటికి గురక వినిపించేది. అది గురక కాదని, లోపలినుంచి వచ్చే నాదమని అత్తమ్మ నమ్మకం. ఆయన లేచేదాకా ఇంట్లో గరిటె చప్పుడు కాకూడదు. నేను మాత్రం కళ్ళు మూసుకుంటే వంటింట్లో పప్పు వాసన ఏ మూలనుంచి వస్తోందో ఖచ్చితంగా చెప్పగలిగేవాణ్ణి. ఏకాగ్రత అంటే అదేనని ఇప్పటికీ నా నమ్మకం.

ధ్యానానికి తోడు మామకు మితాహారం అనే నియమం ఉండేది. యోగికి పిడికెడు చాలునట. ఆ పిడికెడు నా పిడికిలి లెక్కా, ఆయన మనవరాలి పిడికిలి లెక్కా అన్నది నాకు ఎప్పుడూ తేలలేదు. ఆయన కూడా నా ఎదురుగా పిడికెడే తినేవాడు. కోర్టు ఎదురుగా హోటల్లో ఆయన బజ్జీలు తినేటప్పుడు ఆ నియమం కోర్టు గేటు దగ్గరే ఆగిపోయేది. ఒకరోజు అక్కడ నాకు కనబడ్డాడు. "ఈడ తినేది కచ్చిదారుల కోసరం రా. వాళ్ళు పెడితే కాదంటే మనసు నొప్పించినట్టు," అన్నాడు. నన్ను పిలిచి ఒక బజ్జీ ఇచ్చి నా మనసు నొప్పించకుండా ఉండాలని మాత్రం ఆయనకు తోచలేదు.

చిన్నాయనది కర్మయోగం. ఆయనకు ఆసనాలు, ముక్కు మూసుకోవడాలు గిట్టవు. మీటింగులో తెల్లగుడ్డలు కట్టుకుని, పని చెయ్యి, ఫలం ఆశించకు అని గంట సేపు చెప్పగలడు. ఆ యోగంలో పని నాది, ఫలం ఆయనది. పొద్దున్నే పోతే వాకిట్లో బెంచీలు సర్దాలి, వచ్చినవాళ్ళకు నీళ్ళు ఇవ్వాలి, అర్జీలు రాయాలి, గోడలకు కాగితాలు అంటించాలి. మైదా పిండి ఉడికించి ఆ బంక చేసేవాళ్ళు. బంక బకెట్ మోసుకుపోతూ అది వేడిగా ఉన్నప్పుడు ఎంత మంచి వాసన వస్తుందో మొదటిసారి గమనించింది ఆ ఇంట్లోనే. పని అయ్యేటప్పటికి పొయ్యి ఆరిపోయి ఉండేది. అన్నం సంగతి ఎత్తితే అది ఫలాన్ని ఆశించడం అవుతుంది.

ముగ్గురికీ ఒకరి యోగం ఒకరికి పడదు. "తలకిందులుగా యాలాడేది గబ్బిలాలు," అనేవాడు మామ. "కండ్లు మూసుకోనుంటే ఓట్లు పడతాయా?" అనేవాడు చిన్నాయన. పెదనాయన ఏమీ అనకుండా నవ్వేవాడు, తలకిందులుగా నవ్వితే అది ఇంకా అవమానంగా ఉండేది. మామ ఒకరోజు నన్ను కూర్చోబెట్టి నా నాడి చూసి, నాది వాత శరీరమని, ధ్యానం తప్ప ఏదీ నప్పదని తేల్చాడు. మనిషి తత్వాన్ని బట్టి యోగం ఎంచుకోవాలట. రెండు మూడు కలిపితే పిచ్చి పడుతుందట. చిన్నాయన కూడా ఆ మాటే అన్నాడు, పిచ్చి పట్టిన ఇద్దరు ముగ్గురి ఊళ్ళు కూడా చెప్పాడు.

నేను ఏది ఎంచుకోవాలి? ఒక్కటి ఎంచుకుంటే మిగతా రెండిళ్ళలో నాలుగు రోజులు పస్తు. కాబట్టి మూడూ చేశాను. ఎవరి వారం నాడు వాళ్ళ భక్తుణ్ణి. ఒక్కోసారి తెల్లవారి లేవగానే ఈ రోజు తల కిందకు పెట్టాలా, కళ్ళు మూసుకోవాలా, బంక ఉడికించాలా అని గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చేది. ఊరినుంచి ఎవరైనా వస్తే, "బాగుండాను, శానా బాగా పెడతాండారు" అని చెప్పి పంపేవాణ్ణి. నడుముకు పంచె నిలవక బిగించి ముడివేసుకోవడం వాళ్ళకు కనబడకుండా జాగ్రత్త పడేవాణ్ణి.

చైత్రంలో ఒంటిమిట్ట రాములవారి తిరునాళ్ళకు పెదనాయన మిల్లు లారీలో అందరం పోయాం. గుడికి వచ్చేవాళ్ళ కోసం ఆయన చలువ పందిరి వేయించి పానకం పోయించాడు. మామ, చిన్నాయన కూడా కుటుంబాలతో వచ్చారు. వాన కోసం మొక్కుకుని మా నాయన కూడా గుంతకల్లు మీదుగా రైల్లో వచ్చాడు. ఆయన్ను దూరంనుంచి చూసి చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాను. నా ముఖం కేసి చూసి, "సన్నబడినట్టుండావే," అన్నాడు. "ఎండలు నాయనా," అన్నాను.

పొద్దున్నే పందిట్లోకి రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. పెదనాయనకు ఆయన చేత ఏదో సంతకం కావాలి, చిన్నాయనకు ఏదో కమిటీలో చోటు కావాలి, మామకు సర్కారు వకీలు పని కావాలి. అధికారికి యోగమంటే ప్రాణమని ముగ్గురికీ తెలుసు. ఇక చూసుకోండి. పానకం గ్లాసు ఆయన చేతికి అందకముందే మాటలు ఆసనాల మీదికి పోయాయి. ఆయన అందరి మాటా విని, "ఇన్ని పద్ధతులు ఉన్నాయి కదా, మామూలు మనిషికి ఏది నప్పుతుందంటారు?" అని అడిగాడు.

ముగ్గురూ ఒక్కసారే నా వైపు చెయ్యి చూపించారు.

"మా పిల్లోణ్ణి చూడండి సార్, నేను తయారు చేసిన శిష్యుడు," అన్నాడు పెదనాయన. "వాడు నాకాడ ధ్యానం చేస్తాండాడు గదా," అన్నాడు మామ. "వాడు కర్మయోగి, ఊళ్ళో గోడలన్నీ సాక్ష్యం," అన్నాడు చిన్నాయన. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తరువాత నన్ను చూశారు. ఆ చూపుల్లో మూడు పళ్ళేలు నాకు స్పష్టంగా కనిపించాయి. అధికారి ముచ్చటపడి, "నువ్వే చెప్పబ్బాయ్, నీకు సరిపడింది ఏది?" అన్నాడు. జనం మూగారు. పందిరి గుంజకు ఆనుకుని మా నాయన కూడా ఉన్నాడు, కొడుకు పెద్దవాళ్ళ మధ్య నిలబడ్డాడని సంతోషంగా.

యోగం ఎంచుకోవడానికి పెద్దలు చాలా కొలతలు చెబుతారు. వయసు చూడాలి, తత్వం చూడాలి, గురువును చూడాలి. నేను నెయ్యి చూసుకున్నాను. పంచె గోచీ బిగించి, తుండు చుట్ట చేసి నేల మీద పెట్టి, దాని మీద తల ఆనించి కాళ్ళు పైకి లేపాను. గోడ లేకుండా నిలబడటం నాకు బాగా అలవాటైంది. లేపాల్సిన బరువు పెద్దగా లేదు కదా.

చొక్కా వదులుది. గుండీలన్నీ పెట్టుకున్నా, కాళ్ళు పైకి పోగానే అది జారి ముఖాన్ని కప్పేసింది. నాకు మనుషులెవరూ కనబడలేదు. పందిట్లో మాటలు ఆగిపోవడం మాత్రం వినిపించింది. అందరికీ ఏం కనబడిందో కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. పానకం పోసే ఆమె గొంతు వినపడింది. "అయ్యో, ఎముకలు ఎంచొచ్చు గదమ్మా! కడుపు వీపుకు కర్సుకుండాదే!"

ముందుగా తేరుకున్నది అధికారే. "ఆహా! ఒంట్లో కొవ్వన్న మాటే లేదు. సాధన అంటే ఇదీ!" అని చప్పట్లు కొట్టాడు.

దాంతో ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. "ఏడాది నుంచి వేయిస్తాండా సార్," అన్నాడు పెదనాయన. "మితాహారం సార్, మితాహారం," అన్నాడు మామ. చిన్నాయన కూడా ఏదో అన్నాడు, చప్పట్లలో వినబడలేదు.

చొక్కా అంచు కింద నాకు ఒక జానెడు నేల కనబడుతోంది. ఆ నేల మీదికి రెండు పాదాలు వచ్చాయి. పగుళ్ళలో నల్లరేగడి మట్టి ఇమిడిపోయిన పాదాలు. అవి ఎవరివో ముఖం చూడకుండానే తెలిసింది. ఆ మనిషి నా చీలమండలు రెండూ పట్టుకుని, నన్ను మెల్లగా కిందికి దించాడు. చొక్కా సర్ది, గుండీ ఊడితే పెట్టాడు.

"చాల్లేప్పా," అన్నాడు మా నాయన. నా చెయ్యి పట్టుకుని గుడి వెనక భోజనాల పంక్తిలో కూర్చోబెట్టాడు. తను తినలేదు, నేను తినేది చూస్తూ కూర్చున్నాడు. నేను తల ఎత్తలేదు. తల ఎత్తితే ఇంటికి పోదాం పా అంటాడని భయం. మూడోసారి వడ్డించుకున్నాక నేనే అన్నాను.

"నాయనా, నాకు ఆకలి కాల్యా. నేను సదువుకుంటా."

"ఊఁ," అన్నాడు. సాయంత్రం బండికే ఊరికి పోయాడు.

ఎండాకాలం సెలవులు కూడా నేను కర్నూల్లోనే గడిపాను. ఊరికి పోతే తిరిగి రానివ్వరని భయం. జూన్‌లో కాలేజీ తెరిచిన వారానికి ఆలూరు వైపునుంచి వచ్చే లారీలో మా పక్క చేను ఆయన దిగాడు. భుజం మీద జొన్నల మూట, చేతిలో ఒక రొట్టెపెనం. "మీ నాయన పంపించినాడు. ఇంగ ఎవురింటికీ పోవద్దన్నాడు. నువ్వే కాల్చుకొని తినల్లంట," అన్నాడు. మూట విప్పితే జొన్నల్లో బూడిద, ఎండిన వేపాకు కలిసి ఉన్నాయి. బూడిద కలిపి దాచేది విత్తనం జొన్నలు. సేద్యగాడి కొడుకును, నాకు ఆ మాత్రం తెలుసు.

"ఇవి ఇత్తనాలు గదా, పెద్దయ్యా?"

"ఈతూరి మీ నాయన శెనక్కాయ ఏస్తాడంట," అన్నాడు ఆయన పక్కకు చూస్తూ. నేను నమ్మాను. ఆ రొట్టెపెనం చూశాక ఏదైనా నమ్మేలా ఉన్నాను.

ఆ జొన్నలే బూడిద కడుక్కుని, ఎండబెట్టి, విసిరించుకుని రొట్టెలు చేసుకున్నాను. మొదట్లో ఒక్కటీ గుండ్రంగా రాలేదు. రేకుల గదిలో పొయ్యి ముందు చతికిలపడి, ఊదుగొట్టంతో ఊదుతూ, పొగకు కళ్ళు మూసుకుని చదివినదంతా మనసులో తిప్పుకునేవాణ్ణి. ఆసనం, ప్రాణాయామం, ధ్యానం మూడూ ఒక్క పొయ్యి దగ్గరే అయ్యేవి. పిచ్చి కూడా పట్టలేదు. నడుముకు పంచె నిలిచింది. వారాల ఇళ్ళవాళ్ళు నేను రాకపోవడాన్ని గమనించారో లేదో నాకు తెలియదు. మరుసటి ఏడు నేను ఫస్టు క్లాసులో పాసైనప్పుడు మాత్రం ముగ్గురూ ఎవరికి వాళ్ళు అది తమ యోగం మహిమేనని ఊరంతా చెప్పుకున్నారు. పెదనాయన ఆ మాట తలకిందులుగా ఉన్నప్పుడూ చెప్పాడు, నిటారుగా ఉన్నప్పుడూ చెప్పాడు.

అది తరువాతి సంగతి. దసరాకు, మూట అడుగంటాక, ఊరికి పోయాను. ఆలూరులో బస్సు దిగి నడుస్తుంటే దారికి రెండు వైపులా జొన్న నిలువెత్తు పెరిగి, వెన్నులు వేసి ఉంది. ఎన్నో ఏళ్ళ తరువాత అటువంటి పైరు చూడటం. మొక్కు ఫలించిందని సంతోషపడుతూ నడిచాను. మా చేను వచ్చింది. పొడుగునా దున్ని ఉంది. సాళ్ళు తీరుగా, దగ్గరగా, మా నాయన చేతి సాళ్ళు. వాటిలో గడ్డి తప్ప ఏమీ లేదు. శెనక్కాయ తీగ ఒక్కటి కూడా లేదు. విత్తనాలు అప్పుగా ఇమ్మని ఒకరి గడప తొక్కే మనిషి కాదు మా నాయన.

ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి వచ్చి, భుజాలు, చేతులు తడిమి చూశాడు. ఒంట్లో కాస్త కండ పట్టినందుకు ముఖం విప్పారింది.

"ఏమప్పా, ఇంతకూ ఏ యోగం పట్టినావు?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. చేను కేసి చూశాను. "ఎందుకు ఎయ్యలేదు నాయనా?" అన్నాను.

"యాడప్పా, మనకాడ వాన పడల్యా," అన్నాడు. చుట్టూ జొన్న మా ఇద్దరి తలల కంటే ఎత్తున గాలికి ఊగుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయన మాత్రం నా సంచీ అందుకుని, "పా, మీయమ్మ ఎదురు సూస్తాంటాది," అని ముందు నడిచాడు.